ఏడో నంబరు మనిషి

ఆ మెసేజి వచ్చినప్పుడు నేను పనసపొట్టు కొడుతున్నాను. ఊరి వాట్సాప్ గ్రూపులో స్మారక కమిటీవాళ్ళు ఒక పాత ఫొటో పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి వెళ్ళిన పద్నాలుగు మంది సిపాయిలు ఏదో క్యాంపులో రెండు వరసలుగా నిలబడి దిగిన ఫొటో. ఒక్కొక్కరి గుండె మీద ఎర్ర అంకె వేసి, కింద ఆ అంకెల ప్రకారం పేర్లు రాశారు. ఊరి సెంటర్లో నిలబెట్టబోయే నల్లరాయి మీద ఆ ఫొటో, ఆ పేర్లు చెక్కిస్తారట. తప్పులుంటే ఆదివారంలోగా చెప్పాలని చివర ఒక ముక్క.

చేతికి రాసుకున్న నూనె తుడుచుకోకుండానే ఫొటో పెద్దది చేసి చూశాను. ముందు వరసలో మధ్యన, చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచి, చేతులు కట్టుకుని నిలబడినాయన మా తాతయ్య. మా నాన్నకు నాన్న. ఆయన మీద ఏడు అని వేశారు. కింద ఏడు పక్కన ఉన్నది మాత్రం కమిటీ అధ్యక్షుడిగారి తాత పేరు. ఒకప్పుడు ఈ ఊరికి మునసబు చేసినాయన.

ఒళ్ళు మండిపోయింది. అప్పటికే దాని కింద కువైట్ నుంచీ దోహా నుంచీ మా ఊరి పిల్లలు చేతులు జోడించిన బొమ్మలు పెట్టేస్తున్నారు. నేను ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. తప్పు కనిపిస్తే ఎర్ర పెన్ను తియ్యకుండా ఉండలేను. దానికి తోడు నాకు కోపం ఎక్కువని మా పేటలో పేరుంది. ఆ పేరు ఊరికే రాలేదు.

పనసపొట్టు అక్కడే వదిలేసి పక్కింట్లో ఉన్న అత్తయ్య దగ్గరికి వెళ్ళాను. మా నాన్నకు అక్కగారు. తొంభైకి దగ్గరపడినా ఇప్పటికీ కొబ్బరి ఈనెలు చీరి చీపుర్లు కడుతుంది. ఫోను చేతికిస్తే కళ్ళజోడు పెట్టుకుని, నేనేమీ చెప్పకముందే వేలు తీసుకెళ్ళి ఏడో నంబరు మీద పెట్టింది.

“మా నాన్నకి ఏ పేరు రాసేరే?” అంది.

చెప్పాను. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఫోను నా చేతిలో పెట్టేసి, “పంపించినాయన పేరు, వెళ్ళినాయన మీద రాసేరన్నమాట,” అంది.

మా ఇంట్లో అందరికీ తెలిసిన కథే అది. తాతయ్య పెద్దింటివారి, అంటే ఆ మునసబుగారి తోటల్లో కొబ్బరి దింపులు తీసేవాడు. యుద్ధం రోజుల్లో మునసబుగారు మా పేటలో దండోరా వేయించి, పట్టాళంలో చేరితే మూడు పూటలా తిండి, ఒంటిమీదికి గుడ్డ దొరుకుతాయని చెప్పించారు. చేరినవాళ్ళను రేవు దాకా తీసుకెళ్ళి పడవ ఎక్కించారు. అంతమందిని చేర్పించినందుకు తెల్లదొర ఇచ్చిన కాగితాన్ని పటం కట్టించుకున్నారు కూడా. ఆయన మాత్రం గోదావరి దాటలేదు. తాతయ్య వెళ్ళేనాటికి అత్తయ్యకు ఆరేళ్ళు, మా నాన్న ఇంకా కడుపులోనే ఉన్నాడు. బర్మా వైపు రోడ్లు వేస్తూ వేస్తూ జ్వరంతో పోయాడని ఒక కాగితం వచ్చింది. ఎక్కడ పూడ్చారో ఎవరికీ తెలియదు.

తిరిగొచ్చిన వాళ్ళలో ఒకాయన ఆ గ్రూపు ఫొటో తెచ్చి మిషన్ బడికి ఇచ్చాడు. హెడ్మాస్టరు గదిలో గోడకు పెట్టారు. తాతయ్యకు ఉన్న ఫొటో అదొక్కటే, అదీ మా ఇంట్లో లేదు. అత్తయ్య చిన్నప్పుడు ప్రతి ఆదివారం చర్చి అయిపోగానే బడి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి నాన్నను చూసి ఇంటికి వచ్చేదట. పెళ్ళయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు.

“నాకు బాగా గుర్తు. మునసబుగారు పోయిన ఏడు పెద్దింటివాళ్ళు ఆ పటం పట్టుకెళ్ళేరు. ఎందుకో తెలీదు. నెల్లాళ్ళకి తెచ్చిచ్చేరు. వెనకాల అట్ట సరిగ్గా బిగించలేదు. రెండు వానాకాలాలకి చెమ్మెక్కి నాన్న మొహం పోయింది.”

నిజమే. ఫొటోలో ఇప్పుడు తాతయ్య మొహం ఉండాల్సిన చోట గోధుమరంగు మచ్చ ఉంది. పక్క ఇద్దరికీ కూడా కొంచెం అంటింది గానీ వాళ్ళ పోలికలు తెలుస్తున్నాయి. నేను బడికి వెళ్ళేనాటికే ఆ మచ్చ ఉంది. మా తాతయ్య అంటే నాకు చేతులు కట్టుకున్న మచ్చే.

“మొహం లేకపోతే ఏం! చెయ్యుంది కదా. కుడిచేతి మీద తేలు చూడు,” అంది అత్తయ్య.

బాప్తిస్మం తీసుకోకముందు ఏదో తీర్థంలో ముచ్చటపడి తేలు పచ్చబొట్టు పొడిపించుకున్నాడట. చర్చికి వచ్చేటప్పుడు చొక్కా చెయ్యి దించుకో అని పాస్టరుగారు కోప్పడేవారట. పిడికిలి బిగిస్తే ఆ తేలు తోక ఆడేదనీ, అది చూసి తను కెవ్వుమని అరిచేదనీ అత్తయ్య చెబుతుంది. ఫోనులో ఎంత పెద్దది చేసినా నాకు ముంజేతి మీద నల్లటి మరకలాంటిది తప్ప తేలు కనపడలేదు.

అధ్యక్షుడికి ఫోన్ చేశాను. మంచి మర్యాదస్తుడు, మా వైపు మనుషులకు మర్యాదకేం లోటు.

“ఆయ్, చెప్పండి మేడంగారూ.”

ఏడో నంబరు మా తాతయ్యదని చెప్పాను.

“అయ్యో, మీరు పెద్దవారు, మీ మాట కాదంటానా అండీ. కానండీ, మా హాల్లో తాతగారి పెద్ద ఫొటో ఉందండి. అదే డ్రెస్సు, అలాగే చేతులు కట్టుకుని. మొహం పాడైపోయింది కదాని, కుర్రాళ్ళ చేత కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పెట్టించి చూసేనండి. బెల్టు, గుండీలు, ఆఖరికి చొక్కా మడతలతో సహా అచ్చుగుద్దినట్టు సరిపోయేయండి. ఇంతకన్నా రుజువేం కావాలండి?”

“మీ తాతగారు యుద్ధానికి వెళ్ళారని మీ ఇంట్లో ఎవరైనా చెప్పారా?”

“చిన్నప్పట్నుంచీ ఫొటో చూస్తూనే ఉన్నాం కదండీ,” అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. ఏదో తేడాగా ఉందని తెలుస్తోంది, ఏమిటో దొరకడం లేదు. సాయంత్రం మొక్కలకు నీళ్ళు పోస్తుంటే తట్టింది. ఒక మనిషి రెండుసార్లు ఫొటో దిగితే చొక్కా మడత కూడా అదే చోట పడుతుందా? నేను రోజూ కట్టుకునే చీర కుచ్చిళ్ళే నిన్న ఉన్నట్టు ఇవాళ ఉండవు. అంత అచ్చంగా సరిపోయిందంటే అవి రెండు ఫొటోలు కావు. ఉన్నది ఒకటే.

ఇందులో వింతేమీ లేదు. మా కోనసీమలో ఈ పని చెయ్యని స్టూడియో ఉండేది కాదు. మనిషి పోతే గోడకు పెద్ద పటం కావాలి, బతికున్నప్పుడు సరైన ఫొటో దిగి ఉండడు. ఏ రేషను కార్డు మీదదో పెళ్ళి గుంపులోదో తల పట్టుకెళితే, స్టూడియోవాడు దాన్ని ఇంకొకరి కోటు మీద అతికించి, బ్రష్షుతో సరిదిద్ది, పెద్దది చేసి ఇచ్చేవాడు. మా అమ్మ తండ్రి జన్మలో పంచె మీద తువ్వాలు తప్ప వేసుకోలేదు. గోడ మీద మాత్రం సూటు, టై, జేబులో పెన్ను. మా అమ్మమ్మ మెడలో ఆవిడ కంటితో కూడా చూడని రెండు పేటల గొలుసు. ఆ కోటూ టైతోనే కొత్తపేటలోనూ, ఆలమూరులోనూ ఇంకెన్ని ఇళ్ళలో ఎంతమంది తాతలు వేలాడుతున్నారో. పటం కట్టించిన కొడుకులకు అది అతుకని తెలుసు. మనవల దగ్గరికి వచ్చేసరికి తాత సూటు వేసుకునేవాడన్న మాటే మిగులుతుంది. మా పిల్లలు కూడా అలాగే అనుకున్నారు, నేను నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడా నవ్వు నా మీదికే వచ్చింది.

మర్నాడు అత్తయ్యను తీసుకుని పెద్దింటికి వెళ్ళాను. నేనొక్కదాన్నే వెళతానంటే ఒప్పుకోలేదు. చిన్నతనంలో వాళ్ళ అమ్మ ఆ ఇంటికి వడ్లు దంచడానికి వెళితే, తను పెరట్లో పొట్టు కుప్ప దగ్గర కూర్చునేదట. ముందు గుమ్మం లోంచి వెళ్ళడం ఆవిడకు అదే మొదటిసారి. అధ్యక్షుడు ఎదురొచ్చి, రండి రండి అని సోఫా చూపించాడు. అత్తయ్య కూర్చోలేదు. తిన్నగా గోడ దగ్గరికి నడిచింది.

నిలువెత్తు కాదు గానీ పెద్ద పటమే. మీసాలతో మునసబుగారి తల. మెడ కింద నుంచి పట్టాళం చొక్కా, బెల్టు. బొట్టు పెట్టి, గంధపు చెక్కల దండ వేశారు. ఆ దండ చేతుల మీదుగా వేలాడుతోంది.

“మొహం మునసబుగారిదేనండి,” అంది అత్తయ్య. “ఆ దండ ఓసారి పక్కకి జరుపుతారా బాబూ?”

ఆయన జరిపాడు. కుడి ముంజేతి మీద తేలు ఉంది. గ్రూపు ఫొటోలో మరకలా ఉన్నదాన్ని, పాపం, స్టూడియోవాడు నిజాయితీగా బ్రష్షు పెట్టి దిద్దాడు. కొండి, కాళ్ళు, వంకర తోక, అన్నీ ఉన్నాయి.

అత్తయ్య చెయ్యి ఎత్తి అద్దం మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మా తాతయ్య చేతులకు యాభై ఏళ్ళకు పైగా ఈ ఇంట్లో పూజ జరుగుతోంది. బతికున్న రోజుల్లో ఆ చేతులు కొబ్బరికాయలు దింపి గుమ్మం బయట పోసి వెళ్ళాయే తప్ప లోపలికి రాలేదు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు. సొమ్మంటే ఏ గొలుసో, కోటో అనుకున్నాను గానీ ఒంటిని కూడా ఎరువు తీసుకుంటారని అనుకోలేదు.

“తాతగారికి పచ్చబొట్టు ఉండుండొచ్చు కదండీ,” అన్నాడు అధ్యక్షుడు మెల్లగా.

లోపలి నుంచి వాళ్ళ అమ్మగారు వచ్చారు. ఎనభై దాటి ఉంటాయి. కొడుకు మాట ఆవిడ చెవిన పడింది.

“మావగారికి పచ్చబొట్టేవిటిరా! పన్నెండేళ్ళు ఆ చేతికి అన్నం వడ్డించేను, నాకు తెలీదూ? ఆయన పోయినప్పుడు మీ నాన్నగారు అమలాపురం తీసుకెళ్ళి కట్టించుకొచ్చిన బొమ్మ అది. పంచెలో బావుండదని పట్టాళం డ్రెస్సు పెట్టించేరు,” అన్నారు. అని అత్తయ్య వంక చూసి, “కూచోమ్మా, నించునే ఉన్నావు,” అన్నారు.

ఆవిడ అంత సూటిగా చెప్పినందుకు నాకు దణ్ణం పెట్టాలనిపించింది. అధ్యక్షుడు తల దించుకున్నాడు. కాఫీ ఇచ్చారు. మేము బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, “కమిటీలో మాట్లాడి సరిచేస్తానండి, మీరేం బెంగెట్టుకోకండి,” అన్నాడు. ఆటోలో అత్తయ్య దారి పొడుగునా ఏదో పాత క్రైస్తవ కీర్తన కూనిరాగం తీస్తూనే ఉంది. మా నాన్న పోయాక ఆవిడ గొంతులో పాట వినడం అదే మొదలు.

ఆదివారం గ్రూపులో సవరించిన జాబితా వచ్చింది. ఒకటి నుంచి ఆరు దాకా పేర్లు. ఎనిమిది నుంచి పద్నాలుగు దాకా పేర్లు. మధ్యలో: ఏడు, గుర్తు తెలియని సైనికుడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటనే ఫోన్ చేశాను.

“మా తాతగారి పేరు తీసేసేం కదండీ మేడంగారూ,” అన్నాడు, అదేదో పెద్ద త్యాగం చేసినట్టు. “మీ తాతగారేనని రాయాలంటే కాగితం ఏదైనా ఉండాలి కదండీ. రేపెవరైనా అడిగితే కమిటీ ఏం చెప్తుంది? కొంతమంది సభ్యులు ఒప్పుకోలేదండి. గొడవెందుకని మధ్యేమార్గంగా వెళ్ళేం.”

“మిగతా పదముగ్గురికీ కాగితాలు చూశారా?”

“వాళ్ళ విషయంలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కదండీ.”

“మీ తాతగారికి ఏ కాగితం చూశారు?”

ఆయన అవతల నుంచి ఎవరో పిలిచినట్టు చేసి, “మళ్ళీ మాట్లాడతానండి,” అని పెట్టేశాడు.

పట్టాళం నుంచి వచ్చిన కాగితాన్ని మా నాయనమ్మ తాటాకింట్లో చూరులో దాచింది. తుపానులో ఇల్లే కొట్టుకుపోయింది, ఇంకెక్కడి కాగితం? వాళ్ళ తాత సిపాయి కావడానికి గోడ మీద అతుకుల బొమ్మ చాలింది. మా తాతయ్యకు యుద్ధానికి పోయి చచ్చిపోవడం కూడా చాలలేదు. తప్పు రాసిన వాళ్ళను చూస్తే కోపం వస్తుంది, సరే. తప్పని తెలిశాక కూడా ఒప్పు రాయకుండా మధ్యేమార్గం వెతికేవాళ్ళను ఏం చెయ్యాలి? దొంగ దొరికిపోయాక సొత్తు సొంతదారుకి ఇవ్వకుండా, ఎవరిదో తెలియదని చెరువులో పడేసినట్టుంది.

కమిటీలో ఉన్న తొమ్మిది మందికీ ఫోన్లు చేశాను. అందరూ ఆయ్ అన్నారు. అందరూ పాపం అన్నారు. ఒకాయనైతే, “రాయి చెక్కడానికి ఇచ్చేసేరంటండి, ఇప్పుడేం మారుతుంది చెప్పండి,” అన్నాడు. మా పేట నుంచి కమిటీలో ఉన్న ఇద్దరు కూడా, “మన పేటవాళ్ళవి తొమ్మిది పేర్లు పడ్డాయి కదక్కా, ఒక్కదాని కోసం పేచీ పెట్టుకుంటే మొత్తం ఆగిపోద్ది,” అన్నారు. వాళ్ళ మీద వచ్చినంత కోపం నాకు అధ్యక్షుడి మీద కూడా రాలేదు.

ఆవిష్కరణకు రెండు రోజుల ముందు అధ్యక్షుడు మా పేటకు స్వయంగా వచ్చి అత్తయ్యను పిలిచాడు. యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పిల్లల్లో బతికున్నది ఆవిడొక్కతేనట. శాలువా కప్పి సన్మానం చేస్తారట. వెళ్ళొద్దని చెప్పాను. అత్తయ్య వెళతానంది. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను, శాలువాకి ఆశపడుతున్నావా అని కూడా అన్నాను. ఆవిడ తన నేత చీరకు గంజి పెట్టుకుంది. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సెంటర్లో షామియానా వేశారు. మైకులో దేశభక్తి పాటలు. మిషన్ బడి పిల్లలను ఎండలో నిలబెట్టారు. రాయి మీద గుడ్డ తీశారు. చెక్కడం బాగానే చెక్కారు. తాతయ్య మొహం చోట మచ్చ బావుండదని నున్నగా వదిలేశారు. అధ్యక్షుడు మైకు పట్టుకుని పేర్లు చదివాడు. ప్రతి పేరు తర్వాతా ఒక క్షణం ఆగుతున్నాడు, జనం చప్పట్లు కొడుతున్నారు. ఏడో నంబరు దగ్గర ఆగలేదు. గబగబా ఎనిమిదిలోకి వెళ్ళిపోయాడు.

తర్వాత అత్తయ్యను పిలిచారు. “మాతృభూమి కోసం ప్రాణాలర్పించిన వీరసైనికుని కుమార్తె” అని అరిచాడొకాయన. ఆవిడ నా భుజం పట్టుకుని లేచి వేదిక ముందుకు నడిచింది. అధ్యక్షుడు ఒక చేత్తో మైకు, ఇంకో చేతి మీద శాలువాతో దిగి వచ్చాడు. కప్పబోతుంటే అత్తయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

“ఏ సిపాయి కూతురికండీ ఇది కప్పుతున్నారు?”

ఆవిడ మాట మైకులో పడింది. జనం సర్దుకున్నారు.

“మీ నాన్నగారి కోసమేనండి,” అన్నాడాయన.

“మా నాన్న ఎక్కడున్నాడండీ అందులో?” అని రాయి వైపు చూసింది.

“అదీ... ఏడో నంబరు...”

“ఏడో నంబరాయన ఎవరో తెలీదని రాసేరు కదండీ. ఎవరో తెలీని మనిషికి నేను కూతుర్నని మీకెలా తెలిసిందండి?”

ఆయన నా వంక చూశాడు, నేను చూపు తిప్పుకోలేదు. వేదిక మీద కూర్చున్న వాళ్ళమ్మగారు, “చెప్పరా,” అన్నారు. అప్పుడు మైకు నోటి దగ్గరికి తీసుకుని మా తాతయ్య పేరు చెప్పాడు. ఇంటిపేరుతో సహా, చివర గారు అని కలిపి. బస్టాపు దాకా వినపడింది. మా పేటవాళ్ళు చప్పట్లు కొట్టారు. నాకు కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి, అయిపోయిందనుకున్నాను. ఆయన కూడా అలాగే అనుకున్నట్టున్నాడు, మళ్ళీ శాలువా విప్పాడు.

అత్తయ్య దాన్ని నెమ్మదిగా మడత పెట్టి ఆయన చేతుల్లోనే పెట్టింది.

“గాల్లో చెప్పేరు, సంతోషం బాబూ. రేపు నేను పోయేక పిల్లలు చదివేది మాత్రం ఆ రాయేనండి. అక్కడ చెక్కించండి. ఆవేళ నేనే నడిచొచ్చి కప్పించుకుంటాను.”